పగటి వేషాలూ, జపాను బొమ్మలూ

వేషానికి మాట ప్రాణం. పగటి వేషగాళ్ళను చూసి పెరిగినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పిట్టలదొర ఖాకీ చొక్కా తొడిగి, కట్టె తుపాకి భుజాన వేసి వీథిలోకి వచ్చాడంటే, జనం గుమిగూడేది ఆ తుపాకిని చూడటానికి కాదు. లేని ఆస్తుల గురించీ, లేని దొరతనం గురించీ అతడు కోసే కోతలు వినటానికి. ఆ కోతల్లో ఉన్న దొరలకు ఎన్ని చురకలు తగులుతున్నాయో నవ్వించేవాడికీ తెలుసు, నవ్వేవాడికీ తెలుసు.

ఈ కొలబద్ద చేత పట్టుకొనే నేను 2025 ఫిబ్రవరిలో చెన్నై కామిక్ కాన్‌కు వెళ్ళాను. (మా తడ వైపు ఆ ఊరు ఇప్పటికీ మద్రాసే.) ఇది బొమ్మల కథలకూ, జపాను అనిమే చిత్రాలకూ, కంప్యూటరు ఆటలకూ మనసిచ్చినవారి జాతర. 2011లో ఢిల్లీలో మొదలై, 2013లో హైదరాబాదుకు వచ్చి, 2024లో చెన్నై చేరింది. నన్ను తీసుకుపోయినవాడు నా మేనల్లుడు. శ్రీసిటీలో ఒక కర్మాగారంలో షిఫ్టు పని చేస్తాడు. 2016లో ఇసుజు, 2023లో డైకిన్, ఇలా జపాను కంపెనీలు మా పొలిమేరలో ఒక్కొక్కటే వెలిశాయి. 'కైజెన్' అనే మాట మావాడికి పనిచోట గోడమీది నుంచి వచ్చింది. 'అనిమే' అనే మాట సెల్‌ఫోనులో నుంచి. “పగలు జపాను యంత్రం, రాత్రి జపాను బొమ్మ. నీకంటూ ఏం మిగిలిందిరా?” అని వెక్కిరించాను. “బొమ్మ వాళ్ళది మామా, కుట్టింది నేను” అన్నాడు.

నిజమే, కుట్టాడు. 'డీమన్ స్లేయర్' కథలోని తాంజిరో వేషం. ఆకుపచ్చా నలుపూ గళ్ళ అంగీ. వాళ్ళమ్మ కుట్టుమిషను మీద రెండు నెలల సెలవురోజులు దానికే ఖర్చయ్యాయి. కత్తి వడ్రంగి దగ్గర దొరికిన చెక్కముక్క. వీపున తగిలించుకొనే పెట్టె అట్టలతో చేశాడు. వాకిట్లో వాళ్ళు కత్తిని తిప్పి తిప్పి చూసి, కట్టెదేనని తేల్చుకొని లోపలికి వదిలారు.

లోపల వేషాలకు కొదవ లేదు. అట్టతో కవచాలు, స్పాంజి షీటు కాల్చి వంచి చేసిన రెక్కలు, రాత్రుళ్ళు మేలుకొని రంగులద్దిన కిరీటాలు. కొన్నవి ఏవో, చేతులతో చేసినవి ఏవో పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది; చేసినవాడు తన అతుకులను తడిమి చూసుకుంటూ ఉంటాడు. ఆటల వైపు ఎక్కువసేపు నిలవలేకపోయాను. తుపాకులు చాలా పేలాయి, అంతకంటె నాకు అర్థం కాలేదు. వేషాల దగ్గర మాత్రం గంటలకొద్దీ నిలబడ్డాను. ఎవరో వస్తారు, ఫొటో అడుగుతారు; వేషగాడు కత్తి ఎత్తి నిలబడతాడు; ఫొటో అయిపోతుంది, ఇద్దరూ విడిపోతారు. నేను చూసినంతసేపూ ఒక్కరూ కథ అడగలేదు, ఒక్కరూ చెప్పలేదు. ఇంత శ్రమ, ఇంత రంగు, చివరికి మూగవేషం!

ఇది వట్టి పలాయనమని అక్కడే తీర్పు చెప్పేసుకున్నాను. ఇంటికి వచ్చి నాలుగు విషయాలు తెలుసుకున్న తరువాత ఆ తీర్పు నాకే రుచించలేదు.

ఈ అనిమే పెద్దల్లో ఇద్దరు, తకహాతా ఇసావో, మియజాకి హయావో, 1960ల్లో టోయి స్టూడియో కార్మిక సంఘంలో కలిసి పనిచేసినవారు. 1964లో మియజాకి ఆ సంఘానికి కార్యదర్శి. 1968లో తకహాతా దర్శకుడుగా ఆ స్నేహితులు తీసిన 'హోరుస్' చిత్రంలో తుప్పుపట్టిన కత్తిని తిరిగి పోతపోసేది ఒక వీరుడు కాదు, ఊరంతా కలిసి. అదే తకహాతా 1988లో యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ళ ఆకలిచావును చిత్రంగా తీశాడు. హిరోషిమా బాంబు కింద బతికి బయటపడ్డ నకజావా కేజి, ఆ నరకాన్ని 1973 నుంచి బొమ్మల కథగానే గీశాడు. పలాయనం రూపంలో ఉందా? రూపాన్ని ఎవరి చేతుల్లో వదిలేశామన్న దానిలో ఉందా?

మనం వదిలేశాం. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులోనే 'చందమామ' ప్రారంభించారు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలు చూసి అక్షరాలు నేర్చినవారు మనలో ఎందరో! కాని విమర్శ రాయటానికి కూర్చున్నప్పుడు దాన్ని రాజుల కథలని, పిల్లల పుస్తకమని పక్కన పెట్టాం, నేనూ పెట్టాను. వస్తువు మీద మనకు పేచీ ఉంటే ఆ బొమ్మల పక్కన మన కథలు పెట్టవలసింది. పెట్టలేదు. ఆ జాతరలో నేను తిరిగిన వరుసల్లో తెలుగు పుస్తకం నా కంటపడలేదంటే తప్పు జాతరది కాదు. మనం అక్కడ బల్ల వేసినా, దానిమీద ఏం పరుస్తాం? సాకో యుగో అనే జపాను నిర్మాత పూనికతో మన రామాయణం 1992లోనే అనిమే అయింది. తెలుగు మాటలతో అది మన థియేటర్లకు వచ్చింది 2025 జనవరిలో. 'డీమన్ స్లేయర్' చిత్రం అదే ఏడు సెప్టెంబరులో తెలుగు మాట్లాడుతూ దిగింది. దానికి అంత ఆలస్యం కాలేదు. మావాడు ఎవరి వేషం కట్టాలో ఇక వేరే అడగాలా?

తిరుగు ప్రయాణంలో సూళ్ళూరుపేట బండి ఎక్కాం. మావాడు వేషం తీయలేదు. ఎదుట ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకొని ఒక చేపలమ్మి కూర్చుంది. కాసేపు చూసి, “ఏం వేసమబ్బయా అది?” అంది.

“బొగ్గులమ్ముకొనే పిల్లోడు పెద్దమ్మా” అన్నాడు వాడు.

“బొగ్గులమ్మేవాడికి కత్తెందుకు?”

వాడు చెప్పటం మొదలుపెట్టాడు. కొండమీద గుడిసె. మంచు. బొగ్గులమ్మను ఊళ్ళోకి పోయిన పిల్లవాడు మర్నాడు తిరిగి వచ్చేసరికి తల్లీ, తమ్ముళ్ళూ, చిన్నచెల్లెలూ చచ్చిపడి ఉన్నారు. మిగిలిన ఒక్క చెల్లెలూ రాక్షసి అయిపోయింది. పక్క వరుసవాళ్ళు ఇటు తిరిగారు. ఎదుటిసీటు కుర్రవాడు చెవిలోని తీగ తీసేశాడు.

“ఆ పిల్లనేం జేశాడు? చంపేశాడా?”

“లేదు పెద్దమ్మా. పెట్టెలో పెట్టుకొని వీపున మోస్తా తిరుగుతాడు” అని మావాడు వెనక్కి తిరిగి అట్టపెట్టె చూపించాడు.

ఆమె చెయ్యి చాచి ఆ పెట్టెను తట్టి చూసింది. “పగలు ఎండ తగలదూ దానికి?”

తడ స్టేషను వచ్చింది. నేను దిగాను. మావాడు మాత్రం తలుపు దగ్గర నిలబడి, బండి కదిలేదాకా ఆమెకు జవాబు చెబుతూనే ఉన్నాడు.