సార్, కాలు!

మా పెదనాన్న స్టీల్‌ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేశాడు. "వేడి తగిలితే కాలు దానంతటదే వెనక్కి పడుతుందిరా" అనేవాడు. నేను ఎక్స్‌రేతో గుండె రక్తనాళాలు చూసే క్యాథ్ ల్యాబ్‌లో టెక్నీషియన్నయ్యాక ఆ మాట తరచూ గుర్తొచ్చేది. ఎక్స్‌రేకి వేడి లేదు, వాసన లేదు. వెనక్కి జరగమని ఒళ్లు చెప్పదు.

యాంజియోగ్రామ్ జరుగుతుంటే, డాక్టరు పాదం పెడల్ మీద ఉన్నంతసేపూ కిరణాలు వస్తూనే ఉంటాయి. రక్తనాళంలో తీగ కదిలేటప్పుడు తెర చూడాల్సిందే. మాట్లాడుకునేటప్పుడు, ఆలోచించేటప్పుడు మాత్రం అక్కర్లేదు. చివరి బొమ్మ తెర మీదే నిలిచి ఉంటుంది. నాకు పని నేర్పిన సీనియర్ ఆ క్షణం చూసి మెల్లిగా "సార్, కాలు" అనేవాడు. పెద్ద డాక్టర్లు కూడా నొచ్చుకోకుండా పాదం తీసేవారు.

మా మీద పడే రేడియేషన్ నేరుగా ఎక్స్‌రే ట్యూబు నుంచే వస్తుందనుకుంటారు. కానీ ఎక్కువ భాగం పేషెంటు ఒంటికి తగిలి చెదిరి వచ్చేదే. శ్రీకాకుళం నుంచో, పాడేరు నుంచో గుండెనొప్పితో విశాఖ వచ్చి బల్ల మీద పడుకున్న మనిషికి మోతాదు తగ్గిస్తే మాకూ తగ్గుతుంది. అందుకే ట్యూబును బల్ల కింద ఉంచుతాం. డిటెక్టరును ఛాతీకి దగ్గరగా దించుతాం. చూడాల్సిన మేరకే కిరణాల్ని కుదిస్తాం. సెకనుకు 15 ఫ్రేములు అవసరం లేనిచోట 7.5తో సరిపెడతాం. పెడల్‌తో పనిలేనివాళ్లం మీటరు దూరం నుంచి రెండు మీటర్లకు జరిగితే మా వాటా దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇందులో దేనికీ కొత్త మిషన్ కొనక్కర్లేదు.

బ్యాడ్జి సంగతి చెప్పకుండా ఉండలేను. మన దేశంలో రేడియేషన్ పనివాళ్లకు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లే పరిమితి, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఆ లెక్క తేల్చేది ఛాతీ మీది టీఎల్‌డీ బ్యాడ్జే. మూడు నెలలకోసారి దాన్ని పరీక్షకు పంపుతారు. నేను మొదట చేరిన ఆసుపత్రిలో బ్యాడ్జీలు సొరుగులో ఉండేవి. అంకె పెరిగితే విచారణ వస్తుందని అందరికీ భయం. రిపోర్టులో సున్నా వస్తే సంతోషించేవాళ్లం. అది సొరుగు లెక్క. మా ఒంటి లెక్క ఎవరి దగ్గరా లేదు. అక్కడ పనిచేసిన మూడేళ్లలో నాకెంత తగిలిందో ఇక ఎవరూ చెప్పలేరు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! యాప్రాన్ మడతపెట్టకండి, లోపలి సీసం పగులుతుంది, కొక్కేనికి తగిలించండి. బ్యాడ్జి యాప్రాన్ లోపల, ఛాతీ మీద పెట్టుకోండి. పెడల్ మీద పాదం మరిచిన డాక్టరు ఎంత పెద్దవారైనా, "సార్, కాలు" అనండి.