మనస్సాక్షికి మార్కులు: హేర్ పట్టికపై ఒక విమర్శ

ఖైదీలలో సైకోపతీని కొలుచుటకు కెనడా మనస్తత్వశాస్త్రవేత్త రాబర్ట్ హేర్ రూపొందించిన పట్టిక 1991లో వెలువడింది. 2003లో రెండవ కూర్పు వచ్చింది. ఇందులో 20 అంశాలు. ఒక్కొక్కదానికి 0, 1 లేక 2 మార్కులు, మొత్తం 40. ఉత్తర అమెరికాలో 30 వస్తే సైకోపత్ అంటారు. బ్రిటన్ పరిశోధకులు పలువురు 25 చాలునన్నారు. సముద్రం దాటితే అదే మనిషి పేరు మారుతుందన్నమాట.

ఈ పట్టికను త్రోసిపుచ్చుట మా ఉద్దేశము కాదు. నేరము చేసినవాడు వేరు, కనికరము ఎరుగనివాడు వేరు అని హేర్ స్పష్టంగా చూపాడు. జైలు పరిచర్య చేసేవారికి ఈ తేడా తెలియాలి. కన్నీళ్లతో సాక్ష్యం చెప్పి జామీను సంతకం పెట్టించుకునేవాడు మనకు కొత్త కాదు. (వాక్చాతుర్యము, స్వాతిశయము అన్న మొదటి రెండు అంశాలలో మన కన్వెన్షన్ ప్రసంగీకులు కొందరికి కూడా మార్కులు పడతాయేమో!)

మా అభ్యంతరము లెక్క వేసే తీరు మీద. ఏలూరు జిల్లా జైలును గాని తాడేపల్లిగూడెం సబ్‌జైలును గాని తీసుకోండి. ఇలాంటి జైళ్లలో ఉండేది ప్రధానంగా విచారణ ఖైదీలే. 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీలలో నూటికి దాదాపు 76 మంది వారే. 'పశ్చాత్తాపము లేదు', 'తన పనులకు బాధ్యత వహించడు' అన్నవి పట్టికలో రెండు వేర్వేరు అంశాలు. నేరము రుజువు కాని మనిషి "నేను చెయ్యలేదయ్యగారూ" అంటే ఎన్ని మార్కులు? రాజ్యాంగము 20(3) అధికరణము ఇచ్చిన రక్షణే ఇక్కడ దోషంగా లెక్కకు వచ్చే ప్రమాదముంది. శిక్షణ పొందిన పరీక్షకుడు జాగ్రత్తపడతాడని అనవచ్చు. కాని 2013లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో, అవే ఫైళ్లకు ప్రాసిక్యూషన్ తరఫున పనిచేస్తున్నామనుకున్న నిపుణులు, డిఫెన్సు తరఫువారికంటే ఎక్కువ మార్కులు వేశారు.

ముఖాముఖితో పాటు పాత రికార్డు కూడా చూడాలని నియమము. కొల్లేటి లంకల మనిషికి ఉండే రికార్డు చాలావరకు పోలీసులు రాసిన కాగితాలే. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు'లో చేపల చెరువుల గట్లు తెగిన తరువాత కూలి కోసం ఊరూరా తిరిగినవాడికి 'దీర్ఘకాలిక లక్ష్యము లేదు' అని రెండు మార్కులు వేయటం సులువు. గట్లు ఎవరు తెగ్గొట్టించారో రాయటానికి గడి లేదు.

'బాల్యములోనే దుష్ప్రవర్తన' అనే అంశం చూడగానే మాకు బాపట్ల దగ్గరి స్టువర్టుపురం గుర్తుకొస్తుంది. 1911లో మద్రాసు రాజధానికి వర్తించిన నేరస్థ జాతుల చట్టము క్రింద ఎరుకల వారి పిల్లలు నేరస్థులుగానే పుట్టారు. ఆ సెటిల్‌మెంటును నడిపినది సాల్వేషన్ ఆర్మీ. ముద్ర వేసినది ప్రభుత్వము. కాపలా ఉన్నది సంఘము.

ఇది పండితుల వాదము మాత్రమే కాదు. మరణశిక్షకు అవకాశమున్న కేసులలో ముద్దాయి మానసిక పరీక్షా నివేదికను ప్రభుత్వము కోర్టు ముందుంచాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. శిక్ష తగ్గించే కారణాలు వెదకుటకు ఉద్దేశించిన కాగితము అది. అందులో ఈ మార్కు చేరితే న్యాయమూర్తి కంటికి మొదట ఆనేది ఆ సంఖ్యే. అయితే జైలులో అతని ప్రవర్తన, చేసిన పనుల గూర్చిన నివేదికను కూడా అదే తీర్పు కోరింది. వారం వారం జైలుకు వెళ్లే పాస్టర్లు తాము చూసినది, మంచైనా చెడైనా, తేదీలతో రాసి ఉంచుకుంటే, అధికారులు అడిగిన రోజున ఇవ్వటానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.