సీటు కింది జంట గొట్టాలు

చాలా బళ్ల అందం ముందు నుంచి తెలుస్తుంది. ఇటలీ బండి డుకాటి 916ని మాత్రం వెనక నుంచి చూడాలి. వెనక చక్రం ఒక పక్కన పూర్తిగా బయటికి కనిపిస్తూ ఉంటుంది. సైలెన్సర్లు రెండూ తోక లైటు కింద, సీటుకి ఆనుకుని ఉంటాయి. మస్సిమో తంబూరిని బృందం శాన్ మరీనోలో రూపం దిద్దిన ఈ బండి 1993లో మిలాన్ ప్రదర్శనకి వచ్చి, మరుసటి ఏడు రోడ్డెక్కింది. సీటు కింద గొట్టాలు పెట్టడం తంబూరిని కనిపెట్టిందేమీ కాదు, హోండా ఎన్ఆర్ అంతకు ముందే పెట్టింది. అయినా తర్వాత చాలా కంపెనీలు చూసి కాపీ కొట్టింది 916నే.

1994లోనే రేసర్ కార్ల్ ఫోగర్టీ దీనిమీద ప్రపంచ సూపర్‌బైక్ టైటిల్ కొట్టాడు. రేసు బండికి ఉన్న టెర్మిన్యోని కంపెనీ గొట్టాలే తమ బండికీ కావాలని కొన్నవాళ్లకి అనిపించడంలో వింతేముంది? డుకాటి కూడా ఆ కోరికని కాదనలేదు. కార్బన్ ఫైబర్ సైలెన్సర్ల జత, దానికి సరిపడే చిప్ తన డీలర్ల దగ్గరే అమ్మించింది. ఆ రోజుల్లో కొని, నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిప్పకుండా గ్యారేజీలో కప్పి ఉంచిన 916లు ఇప్పటికీ బయటపడుతున్నాయి. కొత్త యజమాని మొదట చేయాలనుకునేది ఆ గొట్టాలు బిగించడమే.

మన దగ్గర సైలెన్సర్ మార్చడమంటే బుల్లెట్‌కి చప్పుడు గొట్టం తగిలించడమే. అలాంటివాటిని విశాఖలోనూ హైదరాబాదులోనూ పోలీసులు వరసగా పరిచి రోడ్డు రోలర్ ఎక్కించారు. వాళ్లని తప్పుపట్టను. 916 వ్యవహారం వేరు. ఇక్కడ గొట్టం మారితే ఇంజన్ లెక్కే మారుతుంది.

రెండు సిలిండర్లూ 90 డిగ్రీల కోణంలో ఉండటం వల్ల పేలుళ్లు సమంగా రావు. ఒకటి పేలిన 270 డిగ్రీలకి రెండోది, ఆ తర్వాత 450 డిగ్రీలకి మళ్లీ మొదటిది. ఆ కుంటి లయే డుకాటి గొంతు. ఒక్కో పేలుడు గొట్టంలోకి ఒక ఒత్తిడి అలని తోస్తుంది. అది గొట్టం తెరుచుకునే చోటికి చేరి, పీల్చే అలగా మారి వెనక్కి వస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు కాస్త తెరిచి ఉన్న క్షణానికి అది అందితే పాత పొగని లాగేసి కొత్త గాలికి చోటిస్తుంది. ఇంజన్ ఎంత స్పీడు దగ్గర అలా అందుతుందన్నది గొట్టం పొడవు, లావు తేలుస్తాయి. కంపెనీ సైలెన్సర్‌లో పొగ గదులు మారుతూ మెలికలు తిరుగుతుంది. టెర్మిన్యోనిలో చిల్లుల గొట్టం గుండా తిన్నగా పోతుంది, చుట్టూ కూరిన గాజు పీచు చప్పుడుని మింగుతుంది.

అసలు చిక్కు పెట్రోలు దగ్గర. 916లోని ఇంజెక్షన్ కంప్యూటర్‌కి ముఖ్యంగా తెలిసేవి రెండే: థ్రాటిల్ ఎంత తెరిచారు, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది. ఎంత గాలి లోపలికి వచ్చిందో అది కొలవదు. పొగలో ఆక్సిజన్ చూసే లాంబ్డా సెన్సర్ కూడా లేదు. రుచి చూడకుండా గరిటె లెక్కతో ఉప్పు వేసే వంటవాడన్నమాట. గొట్టం మార్చి గాలి ప్రవాహం పెరిగినా అది పాత లెక్కే పోస్తుంది, మిశ్రమం పలచబడుతుంది. థ్రాటిల్ వదిలినప్పుడు పటపటమని పేలితే కుర్రాళ్లు మురిసిపోతారు, మెకానిక్ మాత్రం మిశ్రమం పలచనయిందా, జాయింటు దగ్గర గాలి దూరుతోందా అని వెతుకుతాడు. అందుకే సైలెన్సర్లతో పాటు కొత్త పెట్రోలు లెక్క ఉన్న చిప్. అదీ పెట్టి, ఇంజన్ నుంచి వచ్చే హెడర్ గొట్టాలకున్న బిరడాలు విప్పి, గ్యాస్ ఎనలైజర్‌తో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) చూసి సరిచేస్తేనే పని పూర్తయినట్టు. చిప్ లేకుండా గొట్టాలు మాత్రమే పెట్టుకునేవాళ్లు చప్పుడు కొనుక్కుని శక్తి పోగొట్టుకుంటారని నా అభిప్రాయం.

బిగింపులో తొందర పనికిరాదు. ముందు పాత సైలెన్సర్లని పట్టి ఉంచే స్ప్రింగులు. కొక్కెం సాధనంతో లాగాలి, స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే జారి పెయింటు గీసుకుపోతుంది. కొత్త సైలెన్సర్లని జాయింటులో వదులుగా దూర్చి, పట్టీలు వదులుగానే తగిలించి, రెండు మూతులూ తోక కింద సమానంగా కూర్చున్నాయో లేదో వెనక నుంచి చూసి, అప్పుడు బిగించాలి. బలవంతంగా లాగి బిగిస్తే ఆ ఒత్తిడికి కొన్నాళ్లకి బ్రాకెట్ చిట్లుతుంది. స్టార్ట్ చేసేముందు స్పిరిట్ గుడ్డతో ప్రతి గొట్టం తుడవాలి. వేళ్ల జిడ్డు మిగిలితే మొదటి వేడికే వేలిముద్ర స్టీలు మీద గోధుమ రంగులో కాలి, ఇక పోదు. మొదటి పది నిమిషాలు కొత్త పీచులోంచి పొగ వస్తే కంగారు పడక్కర్లేదు.

సైలెన్సర్లతో ఆగక హెడర్ గొట్టాలు కూడా మార్చాలని కొందరికి మనసు లాగుతుంది. తక్కువ తిరిగిన బండికి వద్దనే చెబుతాను. ఎగ్జాస్ట్ పోర్టు స్టడ్లు ఉక్కువి, హెడ్డు అల్యూమినియంది. ముప్పై ఏళ్ల తేమకి రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. స్టడ్డు విరిగితే హెడ్డు విప్పాల్సి రావచ్చు. తప్పదంటే కొన్ని రోజులు నూనె పోస్తూ, కాస్త వేడి చేస్తూ, సగం చుట్టు ముందుకీ వెనక్కీ తిప్పుతూ విప్పాలి.

మీటరు దూరాన్ని చెబుతుంది, వయసుని కాదు. టైమింగ్ బెల్టులు రబ్బరువి. బండి కదలకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. అవి తెగితే వాల్వులు పిస్టన్‌ని తాకుతాయి. బెల్టుల చరిత్ర తెలియని బండికి కొత్త గొట్టాల మాట తర్వాత. పెట్రోలు పైపులు, ఇంజెక్టర్లు కూడా అంతే. ఎండిన పెట్రోలు జిగురు ఉన్న ఇంజెక్టర్‌తో ఏ చిప్ పెట్టినా మిశ్రమం కుదరదు. పాత టెర్మిన్యోనిలే దొరికితే లోపలి పీచు చూడాలి. అది కాలిపోయి ఉంటే వేడి నేరుగా కార్బన్ తొడుగుని కాలుస్తుంది.

విప్పిన కంపెనీ సైలెన్సర్లు, పాత చిప్ పారేయకూడదు. తుడిచి, మూతులకి గుడ్డ కట్టి, పెట్టెలో పేరు రాసి ఉంచాలి. రేసు గొట్టాలు చాలావరకు రోడ్డుకి అనుమతి లేనివి. ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే తనిఖీకి బండి అనుమతి ఉన్న గొట్టాలతోనే వెళ్లాలి. అమ్మేటప్పుడు కూడా, తెలిసిన కొనుగోలుదారు కార్బన్ మెరుపు చూసి నవ్వి, ముందు ఆ పెట్టె ఏదని అడుగుతాడు.