పేరు విప్పని కవరు

కథల పోటీకి వచ్చే ప్రతి కవరులోనూ ఒక హామీపత్రం ఉంటుంది. ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని రాసి కింద సంతకం పెట్టాలి. తెలుగులో నాలుగు కథలు రాసినవాళ్లెవరికైనా ఈ మాటలు కంఠతా వచ్చు. ఉగాది పోటీలకీ దీపావళి పోటీలకీ ఏళ్ల తరబడి ఇదే వరస. రచయిత పేరు, చిరునామా మాత్రం కథ మీద ఎక్కడా కనబడకూడదు. విడిగా వేరే కాగితం మీద రాయాలి.

మా ఊరి శాఖా గ్రంథాలయంలో నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో కథల పోటీ పెడతాం. ఊళ్లోవాళ్లకీ చుట్టుపక్కల పల్లెలవాళ్లకీ మాత్రమే. వయసుతో పని లేదు. వచ్చిన కథల మీద గ్రంథాలయాధికారి ఎర్ర ఇంకుతో అంకెలు వేస్తారు. పేర్లున్న కాగితాలన్నీ ఒక పెద్ద కవరులో పెట్టి, జిగురు పూసి, బీరువాలో పడేస్తారు. కథలు చదివే ముగ్గురిలో నేనొకణ్ణి. బహుమతులు ఖాయమయ్యేదాకా ఆ కవరు విప్పం.

పిల్లలకు వేరే విభాగం పెట్టమని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. కొత్తవాళ్లను విడిగా ఆదరించే పద్ధతికీ విలువ ఉంది. అమెరికాలో హ్యూస్టన్ కేంద్రంగా వంగూరి ఫౌండేషన్ వారు నడిపే ఉగాది పోటీల్లో మొట్టమొదటి రచన చేసేవాళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ అది అవసరం. తెలుగు అక్షరం రాయడానికే సంకోచించే మనిషి చేత మొదటి అడుగు వేయించాలి కదా. మా ఊళ్లో మాత్రం ఒకే కుప్ప ఉండాలని నేను పట్టుబట్టాను. వయసు దాస్తే కథ ఒక్కటే కనబడుతుంది. నిజమే, దస్తూరీ దాగదు. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితాలు, ఎడమవైపు చిరిగిన అంచు ఉన్నాయంటే బడిపిల్లలవి. అరఠావుల మీద మార్జిను వదిలి, ఒకవైపే రాసి, మూలన దారంతో కుట్టి పంపేవాళ్లు రిటైరయినవాళ్లు. ఫోనులో టైపు చేసి ప్రింటు తీయించినవి ఉద్యోగాల్లో ఉన్న కుర్రవాళ్లవో, పన్లన్నీ ముగించుకుని రాత్రిళ్లు రాసుకునే ఇల్లాళ్లవో అయ్యుంటాయి. కానీ రెండో పేజీకి వచ్చేసరికి ఇదంతా మరుగున పడుతుంది. కథ నడుస్తోందా, నిలబడిపోయిందా అన్నదే మిగులుతుంది.

పోటీ గడువుకు ముందు వచ్చే ఆదివారం కథ రాయదలచిన వాళ్లందరినీ పిలిచి ఒక మంచి కథ చదివి వినిపించడం మొదలుపెట్టాం. మొదటిసారి ఎంచుకున్నది పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’. ఎందుకంటే అదీ పోటీకి వెళ్లిన కథే. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి గెలుచుకుంది. రాసిన మనిషి పశ్చిమ గోదావరి జిల్లా తిరుపతిపురంలో 1915లో పుట్టి, కాకినాడ పి.ఆర్. కాలేజీలో కుర్రాళ్లకు రసాయనశాస్త్రం చెప్పుకున్న మేష్టారు. కథలో ఉన్నదీ మన రైలే, మన స్టేషనే, మన కోస్తాలో వీచే గాలే. ప్రపంచం మెప్పు కోసం ఆయన ఊరు దాటి వెళ్లలేదు. ఇంకా ఊరి లోపలికి వెళ్లాడు.

ఆ రోజు చదువుతూ ఉంటే, ఎన్నోసార్లు చదివిన కథ నాకే కొత్తగా కనబడింది. పైకి చదివితే కథ ఎముకలు తెలుస్తాయి.

రావుగారు ప్లీడరు. యాభై ఏళ్ల పెద్దమనిషి. జీవితానికి నియమాలు ఏర్పరచుకుని, వాటి ప్రకారం ఇంటినీ తననూ నడుపుకునేవాడు. ఆస్తిక సమాజం వాళ్ల సభలో ఉపన్యసించడానికి రైల్లో వెళ్తున్నాడు. ఆ పెట్టెలోకి ఒక ముష్టిమనిషి ఎక్కుతుంది. బిచ్చం వేయకపోవడం కూడా ఆయన నియమాల్లో ఒకటి. వేయడు. బయట వాన ముదురుతుంది, గాలి లేస్తుంది. ఆయన దిగిన స్టేషన్లో ఆ రాత్రి ఇక ఎటూ పోవడానికి వీల్లేదు. వెయిటింగు రూములో ఆయనా ఆ ముష్టిమనిషీ మిగులుతారు.

చోట్లను రచయిత ఎలా కుదించుకుంటూ పోయాడో చూడండి. మొదట జనం ఉన్న రైలు పెట్టె. తర్వాత స్టేషను. తర్వాత ఒక గది. ఆ తర్వాత గదిలో ఒక మూల. చోటు చిన్నదయ్యే కొద్దీ మనుషులు తగ్గుతారు, మనుషులు తగ్గే కొద్దీ రావుగారి ఒంటి మీది హోదా ఒక్కొక్క పొరా ఊడుతుంది. పెట్టెలో ఉన్నంతసేపూ ఆయన తోటి ప్రయాణికుల్ని తూకం వేసే పెద్దమనిషి. మూలకు చేరేసరికి చలికి వణికే ఒక ఒళ్లు, అంతే. ‘పడవ ప్రయాణం’లోనూ పద్మరాజు గారు ఇలాంటి చోటునే పట్టుకున్నారు. చీకట్లో కాలవ మీద పోయే పడవ, అందులో రంగి, పద్దాలు. దిగిపోవడానికి వీల్లేని చోట మనుషుల్ని కూర్చోబెడితే వాళ్లు చెప్పకూడనివి కూడా చెప్పుకుంటారని ఆయనకు బాగా తెలుసు.

ఇక గాలివాన. మా పోటీకి వచ్చే కథల్లో సగానికి పైగా వానతో మొదలవుతాయి. ఆకాశం మేఘావృతమవుతుంది, చినుకులు పడతాయి, మట్టి వాసన వస్తుంది, తర్వాత ఆ వాన సంగతి ఎవరికీ పట్టదు. పద్మరాజు గారి వానకు పని ఉంది. రైలును ఆపేది అదే. మనుషుల్ని చెదరగొట్టేది అదే. ఇద్దర్ని ఒక చోటికి తోసేది, చివరికి కప్పు కూల్చి ఒకరిని తీసుకుపోయేది కూడా అదే. కథలోంచి వానను తీసేస్తే ఇంకేమీ జరగదు. మా దగ్గరికి వచ్చిన రిటైర్డు లైన్‌మన్ ఒకాయన ఈ మాట వినగానే తల ఊపాడు. తుఫాను రాత్రుల్లో స్తంభాలెక్కిన మనిషి ఆయన. గాలి ఎటునుంచి ఎటు తిరుగుతుందో, ఏ తలుపు ముందు ఊడుతుందో తెలిసినవాడు రాసిన కథ ఇది అన్నాడు. అంతకంటే పెద్ద విమర్శ నేను వినలేదు.

అయితే ఈ కథలో నన్ను ఎప్పటికీ వదలనిది చివరి ఘట్టం. తెల్లవారేసరికి ఆ ముష్టిమనిషి పక్కన ఉండదు. కూలిపోయిన టికెట్ల గదిలో శవమై దొరుకుతుంది. ఆమె దగ్గర రావుగారి పర్సు ఉంది. టికెట్లు అమ్మిన డబ్బూ ఉంది. రాత్రంతా తనకు ధైర్యం చెప్పి, వెచ్చదనం ఇచ్చిన మనిషి తన జేబునూ ఖాళీ చేసింది, స్టేషను సొరుగునూ ఖాళీ చేసింది. ఇక్కడ రావుగారు ఏమనుకున్నాడో చెప్పడం తక్కువ స్థాయి రచయితలకు సులువు. పద్మరాజు గారు చేతులు ఏం చేశాయో చెప్పారు.

రైల్వే డబ్బు తీసి సొరుగులో పెట్టేశాడు. పర్సును మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాడు, ఆమె దగ్గరే వదిలేశాడు. కానీ అందులోంచి తన పేరున్న కార్డును తీసుకున్నాడు.

మూడు పనులు. వీటిని విడివిడిగా చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి. స్టేషను డబ్బు సొరుగులో పెట్టడంలో పాత రావుగారున్నాడు, నియమాల మనిషి. అందులోనే ఇంకో మనిషి కూడా ఉన్నాడు. చచ్చిపోయిన ఆమెను రేపు ఎవరూ దొంగ అనకూడదని తాపత్రయపడే మనిషి. ఒకే పనిలో ఇద్దరు. పర్సు వదిలేయడం పూర్తిగా కొత్త రావుగారు, జన్మలో బిచ్చం వేయనివాడు వేసిన మొదటి బిచ్చం. దాన్ని పుచ్చుకునే చెయ్యి మాత్రం చల్లబడిపోయింది. ఇక కార్డు. కార్డు తీసుకోకుండా ఉంటే కథ చాలా అందంగా ముగిసేది, మనకు కళ్లనీళ్లు తిరిగేవి, పుస్తకం మూసేసేవాళ్లం. పద్మరాజు గారు అంత తేలిక కథ రాయలేదు. రాత్రంతా కరిగిపోయిన మనిషికి తెల్లారగానే పరువు గుర్తొచ్చింది. లేదా, ఆమెకు ఇచ్చింది ఇచ్చినట్టే, పేరు లేకుండా ఇవ్వాలనిపించింది. రెండిట్లో ఏది? ఒక్క మాట ఎక్కువ రాసి ఉంటే తేలిపోయేది. ఆ మాట ఆయన రాయలేదు. మనిషి మారాడు, అలాగే ఉన్నాడు కూడా. ఈ రెండిటినీ ఒక చిన్న అట్టముక్క మీద నిలబెట్టడం ఉందే, కంసాలి రవ్వను పొదిగినట్టు.

ఇంకో సంగతి. కథ పొడుగునా ఆయనకు గౌరవంతో పిలిచే పేరుంది, ఆమెకు పేరు లేదు. చివరికి పేరున్న ఆయనే తన పేరును అక్కణ్ణుంచి తీసేసుకుంటాడు. ఇది రచయిత లెక్కవేసి చేశాడో, చెయ్యి తిరిగిన పనివాడికి అలా పడిందో నేను చెప్పలేను. ఆ ఆదివారం గట్టిగా చదివితేనే నాకు తట్టింది. ‘గాలివాన’ కథల సంపుటికి 1985లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ పర్సు సంగతిలాగే, దీన్ని అందుకునే చెయ్యీ అప్పటికి లేదు. పద్మరాజు గారు 1983లోనే పోయారు.

కథ విన్నాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందు వరసలో కూర్చున్న పిల్ల ఒకతి, “పర్సులో ఎంతుందండీ?” అని అడిగింది. పెద్దవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వస్తువును పట్టుకుని కథలోకి వెళ్లే చూపు అది.

ఆ ఏడు వచ్చిన కథల్లో ఒకదాని గురించి చెప్పాలి. చిరిగిన అంచున్న కాగితాలు, నాలుగు పేజీలు. ఒక మామ్మ సంత నుంచి బస్సులో వస్తుంది. చిల్లర లేదని కండక్టరు టికెట్టు వెనక నలభై అని రాసి ఇస్తాడు, దిగేటప్పుడు తీసుకోమంటాడు. మూట దించుకునే హడావుడిలో మామ్మ మరిచిపోతుంది. ఆ టికెట్టును మడిచి రొంటిన దోపుకుంటుంది. వారం వారం సంతకు వెళ్లినప్పుడల్లా అదే బస్సు కోసం కాచుకుంటుంది. కండక్టరు మారుతుంటాడు. ఆ కండక్టరు వచ్చిన రోజున మామ్మ టికెట్టు తీసి, అతని ముఖం చూసి, మళ్లీ దోపేసుకుంటుంది. ఎందుకని మనవరాలు అడిగితే, “ఇవాళ బాబు ముఖం బాగాలేదే, ఇంకోనాడు అడుగుదాంలే” అంటుంది. మామ్మ పోయాక దిండు గలీబులో ఆ టికెట్టు దొరుకుతుంది.

నాలుగో పేజీలో ఇక్కడితో కథ అయిపోయింది. కానీ కింద మరో రెండు వాక్యాలున్నాయి. పెద్దల్ని గౌరవించాలనీ, ఎవరి డబ్బు వాళ్లకు ఇవ్వాలనీ. మిగతా కథలో ఎక్కడా లేని పెద్దపెద్ద మాటలు. ఎవరో పెద్దవాళ్లు పక్కన కూర్చుని నీతి లేకపోతే కథ కాదని చెప్పి రాయించారని నాకు అనిపించింది. మాతో చదివే మాస్టారొకరు అక్షరదోషాలకు మార్కులు తగ్గించారు. పదిహేడు తప్పులు లెక్కపెట్టారు కూడా. నిజంగానే ఉన్నాయి. రొంటి అన్న మాట మూడుచోట్ల మూడు రకాలుగా రాసి ఉంది. నేను ఆయనకు ఒక్క చోటు చూపించాను. కండక్టరు ముఖం ఎలా ఉందో ఈ కథలో ఒక్క ముక్క కూడా వర్ణించలేదు మాస్టారూ, అతను అలసిపోయాడో, కష్టంలో ఉన్నాడో చెప్పలేదు, మామ్మ చెయ్యి మళ్లీ రొంటికి వెళ్లిందని మాత్రం రాసి ఉంది. ఆ ఆదివారం మనం ప్లీడరు గారి చేతులు చూశాం కదా, ఇదీ అదే పని. మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఆ పేరా మళ్లీ చదివారు. తర్వాత చివరి రెండు వాక్యాల మీద పెన్సిలుతో సున్నితంగా ఒక గీత గీసి, మార్కులు దిద్దారు.

లైన్‌మన్ గారి కథకు మొదటి బహుమతి, దీనికి రెండోది. తుఫాను రాత్రి కరెంటు పోయిన ఆస్పత్రికి వైరు లాగిన కథ ఆయనది. పనివాడి భాష అడుగడుగునా నిగనిగలాడింది. దాని గురించి వేరే వ్యాసం రాయాలి.

అంకెలు ఖాయమయ్యాక బీరువా తీసి కవరు విప్పారు. టికెట్టు కథ రాసిన పిల్ల హామీపత్రం కథంత శ్రద్ధగా ఉంది. అనుకరణ అన్న మాట రెండుసార్లు కొట్టేసి, మూడోసారి సరిగ్గా రాసింది. వయసు పన్నెండు. కింద సంతకం, ఆ సంతకం పక్కన పిన్ను కొట్టి ఒక బస్సు టికెట్టు. మెషీను అచ్చేసిన ఊర్ల పేర్లు, తేదీ, ఛార్జీ అన్నీ వెలిసిపోయి ముందువైపు తెల్లకాగితంలా ఉంది. గ్రంథాలయాధికారి దాన్ని జాగ్రత్తగా వెనక్కి తిప్పారు. నీలం ఇంకుతో, వంకరగా, నలభై.