పుండు మానినా పోని బాధ

కాలికి తగిలిన దెబ్బ మానినదో లేదో కట్టు విప్పి చూస్తే తెలుస్తుంది. ప్రేగు లోపలి పుండు సంగతి అట్లు కాదు. అది మానినదా లేదా అన్నది రోగికి తెలియదు. వైద్యుడు కూడ బయటినుండి చూచి చెప్పలేడు. రోగి చెప్పగలిగినది ఒక్కటే: బాధ ఉన్నది, లేక బాధ లేదు. పుండు వేరు, బాధ వేరు. ఈ రెండింటికి ఒకే మాట వాడినందువల్ల వైద్యశాస్త్రములో ఒక చిక్కు ఏర్పడినది. ఆ మాట ‘ఉపశమనము’.

ప్రేగుల శోథ వ్యాధి అనే పేరు క్రింద ముఖ్యముగా రెండు వ్యాధులు చేరుతవి. మొదటిది అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దప్రేగు లోపొరకు పరిమితమై, సాధారణముగా మలాశయమున మొదలై పైకి ప్రాకుతుంది. రెండవది క్రోన్ వ్యాధి. 1932లో న్యూయార్కు వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ వర్ణించిన ఈ వ్యాధి జీర్ణనాళములో ఎక్కడనైనా రావచ్చును. ప్రేగుగోడ మందమంతా వ్యాపించవచ్చును. అయినా చిన్నప్రేగు చివరి భాగములోనే ఎక్కువగా కనబడుతుంది. రెండింటిలోను దేహమును కాపాడవలసిన రక్షక కణములే ప్రేగుగోడను బాధిస్తవి. మందులతో ఈ శోథను అణచి, రోగిని చాలకాలము నెమ్మదిగా ఉంచవచ్చును. ఆ నెమ్మది కాలమే ఉపశమన దశ.

చిక్కు ఇక్కడనే ఉన్నది. అనేక పరిశోధనలను కలిపి 2020లో ప్రకటించిన ఒక సమీక్ష ప్రకారము, ఉపశమన దశలో ఉన్నారని నిర్ణయింపబడిన వారిలో దాదాపు మూడింట ఒక వంతు మందికి కడుపునొప్పి, మలవిసర్జనలో మార్పులు మొదలైన బాధలు మిగిలియున్నవి. ఎండోస్కోపీ గొట్టముతో లోపల చూచి, పొర మానినదని నిర్ధారణ చేసిన వారిలో కూడ ఇంచుమించు నాలుగింట ఒక వంతు మందికి అవే బాధలు.

అయితే ఉపశమనమును ఇంతకాలము ఎట్లు నిర్ణయించినారు? క్రోన్ వ్యాధికి 1976లో అమెరికాలో ఒక మార్కుల పట్టిక తయారైనది. ఎనిమిది అంశములు, మొత్తము 150కి లోపయితే ఉపశమనము. చాల సంవత్సరములు కొత్త మందుల పరీక్షలన్నీ దీని మీదనే ఆధారపడినవి. విద్యార్థులు కాగితము తీసి ఈ లెక్క చేసి చూడవచ్చును. ఒక రోగికి రోజుకు రెండు పలుచని విరేచనములు; వారమునకు 14, వానిని 2తో గుణిస్తే 28. ప్రతిదినము ఒక మోస్తరు నొప్పి, అనగా రోజుకు 2 మార్కులు. వారమునకు 14, వానిని 5తో గుణిస్తే 70. ఒంట్లో కొంచెము నలతగా ఉండుటకు రోజుకు 1. వారమునకు 7, దానిని 7తో గుణిస్తే 49. తక్కిన అంశములన్నీ సున్న అనుకొంటే మొత్తము 147. ఏడు దినములూ కడుపు నొప్పితోనే గడిపినా పట్టిక ప్రకారము ఆ మనిషి ఉపశమన దశలో ఉన్నాడు! నొప్పి ఒక్క మెట్టు పెరిగి తీవ్రమైతే మొత్తము 182; ఇప్పుడు వ్యాధి రేగినట్లే. లోపలి పొర ఈ రెండు సందర్భములలోను ఒకే తీరుగా, పుండు లేకుండ ఉండవచ్చును. పట్టికకు ఆ సంగతి తెలియదు, అది అడగదు.

దీనికి ఎదురు పొరపాటు ఇంకా ప్రమాదకరము. క్రోన్ వ్యాధి మందులను పోల్చిన ఒక పెద్ద పరీక్ష ఫలితములను 2014లో తిరిగి పరిశీలించినప్పుడు, పట్టిక ప్రకారము ఉపశమనము పొందినవారిలో సగము మందిలో శోథ చిహ్నములు మిగిలియే ఉన్నట్లు తేలినది. బాధ లేదని మందు మానివేస్తే వారి ప్రేగు లోలోపల చెడిపోతూనే ఉంటుంది. మరి పొర మానిన వానికి, నొప్పి ఉన్నది గదా అని, రక్షకశక్తిని ఇంకా అణచే మందు ఇస్తే? నొప్పి తగ్గదు; అంటురోగముల భయము మాత్రము పెరుగుతుంది. అందుచేతనే నేడు మలములో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీనును కొలుస్తారు. ఇది శోథ ఉన్నచోట చేరే తెల్లరక్తకణములలోనిది. దాని మోతాదు చూచిన తరువాత, అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు.

శోథ లేకుండ నొప్పి ఎట్లు వస్తుంది? జవాబులో ఒక భాగము మిరపకాయలో ఉన్నది. మిరప కారమును గ్రహించే నాడీ గ్రాహకమును 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందము కనుగొన్నది. స్పర్శ, ఉష్ణ గ్రాహకములపై చేసిన కృషికి ఆయన 2021 నోబెల్ బహుమానములో భాగస్వామి అయినారు. నాలుక మంటను, వేడిని మెదడుకు తెలిపే ఈ గ్రాహకము ప్రేగు నాడులలో కూడ ఉన్నది. 2010లో లండను పరిశోధకులు శోథ అణగిన రోగుల పెద్దప్రేగునుండి చిన్న ముక్కలు తీసి చూచినారు. నొప్పి మిగిలిన వారిలో ఈ గ్రాహకముగల నాడీతంతువులు, నొప్పి లేనివారిలోకంటె హెచ్చుగా ఉన్నవి. అగ్ని ఆరిపోయినా హెచ్చరిక గంట మ్రోగుతూనే ఉన్నదన్నమాట. ఆ తంతువులే నొప్పికి కారణమని ఈ పరిశోధన ఋజువు చేయలేదు. రెండూ కలిసి కనబడినవని మాత్రమే చూపినది. అయినా “అంతా నీ మనసులోనే ఉన్నది” అని రోగిని పంపివేసే అలవాటుకు ఇది గట్టి సమాధానము.

అన్ని బాధలకూ నాడులే కారణము కావు. క్రోన్ రోగులలో కొందరికి చిన్నప్రేగు చివరి భాగమును కోసి తీసివేస్తారు. కాలేయము తయారుచేసే పైత్యరసామ్లములలో నూటికి 95 వంతులు ఆ భాగములోనే తిరిగి రక్తములో చేరుతవి. అది లేకపోతే అవి పెద్దప్రేగులో పడి నీళ్ల విరేచనములు కలిగిస్తవి. ఆ ఆమ్లములను పట్టియుంచే పొడి మందు ఇస్తే చాలమందికి గుణమిస్తుంది. మానిన పుండు మచ్చకట్టి ప్రేగు ఇరుకైనా నొప్పి వస్తుంది. దీనికి చికిత్స వేరు.

ఆహారమును గురించి ఎక్కువగా పేర్కొనబడేది 2020లో ప్రకటింపబడిన బ్రిటన్ పరీక్ష. గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, పప్పులు, పాలు, కొన్ని పండ్లలోని కొన్ని పిండిపదార్థములు చిన్నప్రేగులో సరిగా ఇంకవు. అవి నీటిని లాగుతవి; పెద్దప్రేగులో సూక్ష్మజీవులు వానిని పులియబెట్టి వాయువులు పుట్టిస్తవి. ఆ ఉబ్బు మామూలు ప్రేగుకు లెక్క కాదు. మేల్కొనియున్న నాడులకు అదే నొప్పి. శోథ అణగినా బాధలు పోని 52 మందిలో 27 మందికి ఈ పదార్థములు తగ్గించిన ఆహారము, 25 మందికి పేరుకు మాత్రము పథ్యమనిపించే వేరొక ఆహారము నాలుగు వారములు పెట్టినారు. మొదటి జట్టులో 14 మంది, రెండవ జట్టులో 4గురు తమకు తగినంత ఉపశాంతి కలిగినదన్నారు.

ఉత్తుత్తి పథ్యముతో పోల్చి చూచుట ఈ పరీక్షకు గొప్ప బలము. ఆహార పరిశోధనలలో ఇంతమాత్రము జాగ్రత్త అరుదు. కాని మొత్తము చదివినవారికి ఉత్సాహము కొంత తగ్గుతుంది. బాధ తీవ్రతను 500 మార్కులకు లెక్కించే పట్టికలో ఒక జట్టుకు సగటున 67, మరొక జట్టుకు 34 తగ్గినవి. ఇంత చిన్న జట్లలో ఆ వ్యత్యాసము యాదృచ్ఛికము కాదని చెప్పుటకు వీలులేకపోయినది. పథ్యము చేసినవారి మలములో మేలుచేసే బిఫిడో సూక్ష్మజీవులు కొన్ని తగ్గినవి. శోథ చిహ్నములు మారలేదు. అనగా ఈ పథ్యము బాధకేగాని వ్యాధికి మందు కాదు. నాలుగు వారముల ఫలితమును నాలుగు సంవత్సరములకు సాగదీయకూడదు.

ఈ పథ్యము పుట్టినది ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయములో. తెలుగువారి వంటింటిలో దాని రూపమే మారుతుంది. వరి అన్నమునకు అభ్యంతరము లేదు, కాని కందిపప్పు, శనగలు, ఉల్లి, వెల్లుల్లి, మామిడిపండు తగ్గించవలసినవే. మాంసము తినని కుటుంబములో పప్పు తీసివేస్తే ప్రొటీను ఎక్కడనుండి రావలెను? ముందే చిక్కిపోయిన రోగికి ఇది చిన్న ప్రశ్న కాదు. అందుచేత ఆహారశాస్త్రము తెలిసినవారి పర్యవేక్షణలో కొద్ది వారములు మాని, తరువాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి చూడవలెనని విధానమే చెప్పుతున్నది. చేతికందిన జాబితా చూచి అన్నీ మానివేసేవారు ఈ రెండవ భాగమును మరచిపోతారు.

2021లో అంతర్జాతీయ నిపుణుల సంఘమొకటి చికిత్స గమ్యములను సవరించి, ఎండోస్కోపీలో పొర మానుటతోపాటు రోగి జీవితము మామూలుగా సాగుటను, పిల్లలలో సరియైన ఎదుగుదలను కూడ చేర్చినది. ఈ వ్యాధి తరచు పదునైదు, ముప్పది అయిదేండ్ల మధ్య బయటపడేది గనుక ఉన్నత పాఠశాలకు ఈ సవరణతో నేరుగా సంబంధము ఉన్నది. 1976 నాటి పట్టికలోని ఎనిమిది అంశములలో ఉబ్బరము లేదు, అలసట లేదు, ఉన్నట్టుండి మరుగుదొడ్డికి పరుగెత్తవలసిన తొందర లేదు. గంటకు రెండుసార్లు చెయ్యెత్తి బయటికి పోనిమ్మని అడిగే పిల్లవానికి మార్కులు 150కి లోపుగానే ఉండవచ్చును.