ఎవరికి ఆదర్శం?

విక్టోరియా రాణి కాలంలో బ్రిటన్ భూస్వాములు కట్టించిన 'ఆదర్శ క్షేత్రాల'ను వాటి ఇటుక పనితనం చూసి మెచ్చుకోవడం మామూలు. నేను మాత్రం వాటి నక్షా చూడమంటాను.

1846లో ధాన్యపు సుంకాల చట్టాలు రద్దయ్యాక, విదేశీ ధాన్యంతో పోటీపడాలంటే దిగుబడి పెంచక తప్పలేదు. అందుకే పంట, పశువు, ఎరువు ఈ మూడింటినీ ఒకే వరసలో కూర్చారు. కోల్స్‌హిల్‌లో 1850లలో కట్టిన క్షేత్రం ఏటవాలు నేలమీద ఉంది. పంట పైనుంచి లోపలికి వస్తుంది. మేత కిందనున్న కొట్టాలకు దిగుతుంది. పెంట అట్టడుగుకు చేరుతుంది. మోత పని చాలావరకు వాలే చేసిపెడుతుంది.

వేల్స్‌లోని లైటన్‌లో లివర్‌పూల్ బ్యాంకరు జాన్ నేలర్ పందులకు కూడా గుండ్రటి భవనం కట్టించాడు. నీటి బలంతో యంత్రాలు నడిపిన ఘనత అక్కడా ఉంది. కానీ అంత డబ్బు పోయగల కౌలురైతు ఎవరు?

1870ల చివర అమెరికా గోధుమలు వచ్చిపడి ధరలు కూలాయి. పెట్టిన పెట్టుబడి గోడల్లోనే ఇరుక్కుపోయింది.

పక్క రైతు చూసి తనూ చేసుకోగలిగితేనే దాన్ని ఆదర్శం అనాలి. కోల్స్‌హిల్ వాలును వాడుకునే తెలివి మామూలు రైతుకూ అందుతుంది. లైటన్‌ను అనుకరించాలంటే ముందు బ్యాంకు ఉండాలి.