ఏకచక్రపురవాసమును నేఁటి యమెరికాయాత్రాకథనములును

అమెరికాలోఁ గాపురమున్న బిడ్డలయింటికిఁ గుటుంబసహితముగాఁ బోయి, యాఱునెలలుండి మరలివచ్చిన పెద్దలు తమ యనుభవములను గ్రంథములుగా వ్రాయుట యిటీవల మనలోఁ బెరిగినది. మా నిజామాబాదులోను బోధనులోను నట్టివారి వ్రాఁతప్రతులు కొన్ని, యచ్చుపడినవి కొన్ని, నాచేతికి వచ్చినవి. భాష సరిచూడుమని యిచ్చినవారే యెక్కువ. భాషలోని తప్పులు దిద్దుట సులభము. వానికంటెఁ బెద్దలోప మొకటి నా కన్నిటను గనఁబడినది. ఆ గ్రంథములలో విమానమున్నది, రాజమార్గములున్నవి, నయాగరాజలపాతమున్నది. ఏయింట నాఱునెలలు తిని పరుండిరో యాయిల్లుమాత్రము లేదు.

దీనికి మొదటికారణము పేరు. ఇవన్నియు ‘యాత్ర’ లనఁబడుచున్నవి. యాత్రాశబ్దము పోవుట యర్థముగాఁ గల యాధాతువునుండి పుట్టినది. పోక ముగిసినచో యాత్రయు ముగియును. వీరిపోక యొకటి రెండుదినములలో ముగియుచున్నది, తక్కినదంతయు వాసము. కావునఁ ‘బ్రవాస’మనుటయే సరి. అది నివాసార్థకమగు వసధాతువునకు ‘ప్ర’ యను నుపసర్గము చేరుటచే, తనది కానిచోట నుండుట యను నర్థము నిచ్చుచున్నది. ఇఁక ‘అతిథి’ శబ్దము. దీనిని వైయాకరణు లెడతెగక పోవుట యర్థముగాఁ గల యతధాతువునుండి యుణాదిప్రత్యయముచే సాధింతురు. నేనును శిష్యులకట్లే చెప్పుదును. తిథి లేనివాఁ డతిథి యను లోకవ్యుత్పత్తి శాస్త్రమున నిలువదు. ఐనను నీవిషయమున శాస్త్రముకంటె లోకమే యెక్కువ చెప్పుచున్నది. అమెరికాకుఁ జూడఁబోవువారికి దిగినచోటనే సాధారణముగా నాఱునెలలకు మించని గడువు నిర్ణయింపఁబడును. రాకకుఁ దిథి, పోకకుఁ దిథి. ఇట్టివారిని ‘సతిథు’ లనుట హాస్యమగును గాని యసత్యము కాదు.

గడువుగల వాసమును వర్ణించుటకు మనకు మార్గము లేదనరాదు. బోధనునకు నేకచక్రపురమని ప్రసిద్ధి గలదు. లక్కయిల్లు దాఁటివచ్చిన పాండవులు తల్లితోఁగూడఁ దలదాఁచుకొన్న యూ రిదియేయని యిచ్చటి యైతిహ్యము. ఆపేరు తమదని చెప్పుకొను నూళ్ళు మఱియుఁ గలవు. ఆ వివాదముతో నిటఁ బనిలేదు. ఒకతల్లియు నైదుగురు కొడుకులును బరులయింట నుండిన కథయని గ్రహించినఁ జాలును. నన్నయభట్టారకుఁడు తెనిఁగించిన యాదిపర్వమున నీఘట్టమును మరల జదువుఁడు. మనసున నిలుచునది పట్టణము కాదు. భిక్షాన్నమును బంచుకొన్న తెఱఁగు నిలుచును: సగము భీమునకు, తక్కినసగ మందఱకు. ఒకనాఁడు తక్కినవారు భిక్షకుఁ బోఁగాఁ గుంతియు భీముఁడును నింటనుండిరి. లోపలినుండి గృహస్థుల యేడ్పు వినఁబడినది. కుంతి లోపలికిఁ బోయినది. బకునకు మనుష్యుని బంపవలసిన వంతు నాఁ డాయింటికి వచ్చినది. నేఁ బోయెదనని తండ్రి, నేననుచుఁ దల్లి, నేననుచుఁ గూఁతురు. ముద్దుమాటల పసివాఁడు గడ్డిపోచ పట్టుకొని దానితో రాక్షసునిఁ జంపెదననెను. ఆ గడ్డిపోచ యొక్కటితో నాయిల్లు మన కన్నులఁగట్టినది. గోడ కావలి యేడ్పు వినినందునఁ గుంతి యాయింట నున్నదయ్యెను; విననిచో సత్రమున దిగినట్లే. పిమ్మట నామె వంతును దనమీఁద వేసికొని కొడుకును బంపినది. ధర్మరాజు తప్పుపట్టఁగా, ఉండనిచ్చినవారికిఁ బ్రత్యుపకారము చేయవలదా యని సమాధానము చెప్పినది.

ఇప్పుడు మా యింటివే రెండువ్రాఁతలు చూపెదను. మా యన్నగారు, వదినెగారు, వదినెగారి తల్లిగారు, మాతమ్ముని కుమారుఁడు, ఈ నలుగురును టెక్సాసులోని యన్నగారి కూఁతునింటికి నామె పురిటికిఁ బోయి యాఱునెల లుండివచ్చిరి. అన్నగారు నలువదిపుటల గ్రంథము వ్రాసి నాకుఁ బంపిరి. అందుఁ బురిటికి నొక్కవాక్యము, జలపాతమునకుఁ దొమ్మిదిపుటలు. ఆ తొమ్మిదిపుటలలో ‘అవర్ణనీయము’ అను మాట నాలుగుమాఱులు వచ్చినది. అవర్ణనీయమైనచోఁ దొమ్మిదిపుటలేల యని నే నడుగలేదు, అన్నగారు గదా.

వదినెగారికడ నొక లెక్కలపుస్తకము గలదు. అది గ్రంథమని యామె తలంపదు. బిడ్డకుఁ బాలుపట్టిన వేళలు, నీళ్ళుపోసిన వేళలు, తల్లిగారి మందులు, ఇంటినుండి తీసికొనిపోయిన కారము సగమైన దినము, కూఁతురు మరల నుద్యోగమునకుఁ బోయిన దినము, అన్నియు నందుఁ గలవు. పుటల యంచున 180 మొదలుకొని తగ్గుచు సంఖ్యలు గలవు. నడుమ నొకపంక్తి: రాత్రి యల్లుఁడు తన యుద్యోగమును గూర్చి ఫోనులో మెల్లఁగా మాటాడుట వినఁబడినదని. వ్యాఖ్య లేదు. ఆ మఱునాఁటినుండి యంగడివస్తువుల మొత్తము తగ్గినది. అంతకుముందు వెలపెట్టి కొనుచుండిన పెరుగు తరువాత లెక్కలోఁ గానరాదు. ఇంటనే తోడువేసినారని యూహింపవలెను. ఈ పంక్తి నామె యనుమతితోనే చెప్పుచున్నాను. అన్నగారి గ్రంథమున నా దినమునకు నాకాశహర్మ్యముల వర్ణన యున్నది.

ఇంటిగుట్టు వెల్లడించుట మర్యాద కాదని యన్నగారి వాదము. నిజమే. కాని గుట్టు దాఁచుట వేఱు, ఇల్లు దాఁచుట వేఱు. పాండవులును దమ కులనామములు దాఁచిరి. భీముని సంగతి యొరులకుఁ జెప్పవలదని కుంతి గృహస్థుని వేఁడినది. ఐనను గవి యిల్లు చూపకుండలేదు. యాత్రాగ్రంథమునకు వర్ణనయే ప్రాణమని మఱియొక వాదము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము విడిచి 1831 సెప్టెంబరు 3న మరలిచేరిరి. తల్లియు, భార్యయు, బెద్దపరివారమును వెంటరాఁగా హైదరాబాదు మీఁదుగా మాసీమ గడచి, గోదావరి దాఁటి, నాగపూరునకుఁ బోయిరి. 1838లో నచ్చైన వారి కాశీయాత్రచరిత్ర నిజముగా యాత్ర. అందైనను మజిలీలయందు నీరెట్టిది, దిగుటకుఁ జోటున్నదా, యంగడిలో నేమి దొరకును అనునవి విడువలేదు. ఒక్కరాత్రి నిలిచిన యూరికి వారు చూపిన శ్రద్ధ యాఱునెలలు నిలిచిన యింటికి మనవారు చూపరైరి.

పరస్థలవాసము మాసీమకుఁ గొత్తది కాదు. 1931లో నిజాంసాగరము పూర్తియైన పిమ్మటఁ గృష్ణా గుంటూరు సీమలనుండి సేద్యమునకై వచ్చి నిలిచినవారి పల్లెలు బోధను, వర్ని ప్రాంతములలో నేఁటికిని ‘క్యాంపు’ లనియే పిలువఁబడుచున్నవి. 1937లో వెలసిన బోధను చక్కెరకర్మాగారము 2015లో మూఁతపడినది; పేరులు మాత్ర మట్లేయున్నవి. మాపల్లెలనుండి గల్ఫునకుఁ గూలికిఁ బోయినవాని బసకును ‘క్యాంపే’ పేరు. వానియొద్దకు నాఱునెలలుండఁ జుట్టములు పోవుట యరుదు. ఎమిరేట్సులోఁ గుటుంబమును దెచ్చియుంచుకొనుటకు 4,000 దిర్హముల జీతమో, బసతోఁగూడ 3,000 దిర్హములో యుండవలెనని నియమము. ‘విజిట్ మీఁద పోయిండు’ అనుమాట బోధను బస్సుస్టాండున వినఁబడినచో నర్థము విచారింపవలెను. అమెరికాకుఁ బోయిన పెద్దలయెడ నది చుట్టపుచూపు. గల్ఫునకుఁ బోయిన పడుచువానియెడఁ దఱచుగాఁ బని వెదకుకొనఁబోవుట. నిఘంటుకారు లీభేదమును గుర్తింపవలెనని నే నొకప్పుడు వాదించితిని. వదినెగారి పుస్తకము చదివినపిమ్మట నా భేద మంత దృఢముగాఁ దోఁచుటలేదు.

ఆ పుస్తకమును, అన్నగారి గ్రంథమునకు బదులుగాఁ గాకున్నను, దానితోఁగూడ నైన నచ్చొత్తింపవలెనని నా కోరిక. అల్లుని పంక్తి తొలఁగించినచోఁ జూతమని యన్నగారు. ఆ పంక్తి లేక పెరుగు లెక్కకు నర్థము లేదని నేను. తుదకు వదినెగారినే యడిగితిని. వెనుకపుటలు ఖాళీగా నుండుటచేఁ బాలవాని లెక్క దానిలోనే వ్రాసికొనుచున్నదఁట. అవి నిండువఱకుఁ బుస్తక మీయఁజాలనన్నది.